పాలు మాన్పించాక గుండెదడ: గ్యాస్ అంటున్నారు, నిజమేనా?

బ్రాడీపేట బుజ్జమ్మ
నమస్తే అండి, మాది గుంటూరు. పాపకి పదకొండో నెల. మళ్ళీ ఉద్యోగంలో చేరాలని పాలు ఒక్కసారిగా మాన్పించేశాం, అత్తయ్యగారు వేపాకు నూరి రాస్తే పాప మొహం చిట్లించుకుని వదిలేసింది. అప్పటి నుంచి నా గుండె ఏదో తేడాగా కొట్టుకుంటోంది. పడుకుని ఎడమ పక్కకి తిరిగితే చాలు, ఒక్క క్షణం ఆగిపోయినట్టు ఉండి తర్వాత దబ్బున ఒక దెబ్బ. కొన్నిసార్లు వరసగా వస్తాయి. కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెలలో కూడా ఇలాగే ఉండేది, డాక్టరమ్మ ఈసీజీ తీయించి భయం లేదన్నారు, కాన్పయ్యాక తగ్గిపోయింది కూడా. ఇప్పుడు ఇంట్లో అందరూ గ్యాస్ అంటున్నారు. మెడికల్ షాపు నుంచి తెచ్చిన గ్యాస్ క్యాప్సూల్ రోజూ పరగడుపున వేసుకుంటున్నా, ఏమీ తేడా లేదు. ఇంకా ఏమైనా అంటే టెన్షన్ పడకు అంటారు. రాత్రుళ్ళు పాప పక్కన పడుకుని మణికట్టు పట్టుకుని నాడి చూసుకోవడమే సరిపోతోంది. పాలు మాన్పించడానికీ దీనికీ సంబంధం ఉంటుందా? గైనిక్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలా, గుండె డాక్టర్ దగ్గరికా?

పటమట లత
చెల్లీ, నాకు రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు వచ్చింది, కాకపోతే నాది నీలా ఆగి కొట్టుకోవడం కాదు, స్విచ్ వేసినట్టు ఉన్నపళంగా పరుగందుకునేది. విజయవాడలో హాస్పిటల్‌కి వెళ్ళి ఈసీజీ తీయించుకునే లోపే తగ్గిపోయేది, రిపోర్ట్ నార్మల్, ఇంటికి పంపేసేవారు. చివరికి ఒకసారి అది నడుస్తుండగానే క్యాజువాలిటీకి చేరాను, అప్పుడు పట్టుబడింది, ఎస్‌వీటీ అన్నారు, అంటే గుండె పైభాగం నుంచి మొదలై ఉన్నట్టుండి వేగంగా కొట్టుకోవడం. ముందు శ్వాస బిగబట్టి ముక్కమన్నారు, ఆగలేదు, అడినోసిన్ ఇంజెక్షన్ ఇస్తే క్షణాల్లో దారికొచ్చింది. రక్తంలో సెకన్లలోనే కరిగిపోతుంది కాబట్టి కడుపులో బిడ్డకి ఇబ్బంది లేదని చెప్పారు. అందుకే చెప్తున్నా, వచ్చినప్పుడే పట్టుకోవాలి. హోల్టర్ అడుగు, 24 గంటలు ఒంటి మీదే ఉంచుకునే ఈసీజీ అది.

కొత్తపేట సిస్టర్
నేను స్టాఫ్ నర్సుని, కార్డియాలజీ వార్డులో చేస్తాను. బుజ్జమ్మగారూ, మీరు చెప్పినదాన్ని బట్టి ఎక్టోపిక్ బీట్స్‌లా ఉంది. ఒక దెబ్బ టైంకి ముందే పడుతుంది, దాని తర్వాత గుండె కాస్త ఎక్కువసేపు ఆగుతుంది, ఆ గ్యాప్‌లో రక్తం ఎక్కువ నిండుతుంది కాబట్టి తర్వాతి దెబ్బ గట్టిగా తెలుస్తుంది. మీరన్న "దబ్బున" అదే. గుండెలో జబ్బు లేకపోతే ఇవి చాలావరకు ప్రమాదం కాదు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది, నాడి నిమిషానికి పది ఇరవై ఎక్కువ కొట్టుకుంటుంది, అందుకే అప్పుడు చాలామందికి వస్తాయి. పాలు మాన్పించినప్పుడు పాలు పట్టించే హార్మోన్ ప్రొలాక్టిన్ పడిపోయి, ఆడవాళ్ళ హార్మోన్ ఈస్ట్రోజన్ మళ్ళీ పెరుగుతుంది, దానికి తోడు నిద్ర ఉండదు, ఆ రోజుల్లో దడ అని వచ్చే తల్లులు ఉన్నారు.

కానీ హార్మోన్లే అని వదిలేయొద్దు. కాన్పయిన ఏడాది లోపు కొందరికి థైరాయిడ్ అటూ ఇటూ అవుతుంది, ముందు ఎక్కువై తర్వాత తగ్గుతుంది, దాన్ని గ్యాస్, టెన్షన్ అనుకుని నెలలు గడిపేసేవాళ్ళని చూస్తుంటే బాధేస్తుంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, పొటాషియం, ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) చేయించండి. ముందు ఫిజీషియన్‌ని కలిసినా చాలు, అవసరమైతే వాళ్ళే కార్డియాలజిస్టుకి రాస్తారు.

ఇంకో ముఖ్యమైన మాట. ఆ గ్యాస్ క్యాప్సూల్ స్ట్రిప్ వెనక చదవండి, డోంపెరిడోన్ అని ఉందా? మన దగ్గర గ్యాస్ మందుల్లో, కడుపులో యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్‌తో కలిపి ఇస్తారు, పాలు పడటానికని కొందరు తల్లులకి విడిగానూ ఇస్తారు. అది ఈసీజీలో క్యూటీ అనే దూరాన్ని, అంటే ఒక్కో దెబ్బకి గుండె కింది గదులు కరెంటు అందుకుని మళ్ళీ సిద్ధమవడానికి పట్టే సమయాన్ని, పెంచగలదు, కొందరిలో లయ ప్రమాదకరంగా తప్పుతుంది. పాల కోసం దాన్ని వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లోనే హెచ్చరించింది. మీ పుట్టింట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్ళు, స్పృహ తప్పి పడిపోయేవాళ్ళు ఉంటే డాక్టర్‌కి తప్పక చెప్పాలి. పుట్టుకతో క్యూటీ ఎక్కువ ఉన్న ఆడవాళ్ళకి కాన్పు తర్వాత తొమ్మిది నెలలు రిస్క్ పెరుగుతుంది.

కళ్ళు తిరిగి పడిపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చినా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. ఆయాసం, కాళ్ళ వాపు అయితే, ముఖ్యంగా నెలలు నిండేటప్పటి నుంచి కాన్పయ్యాక ఐదు నెలల వరకు, గుండె కండరం బలహీనపడే జబ్బు ఉందేమో చూస్తారు.

తెనాలి పెద్దమ్మ
సిస్టర్ చెప్పినట్టు పరీక్షలు చేయించుకో తల్లీ. పాలు మాత్రం అలా ఒక్కసారిగా ఆపకూడదు. ముందు పగటి పాలు, తర్వాత తెల్లవారుజాము పాలు, చివరికి రాత్రివి, వారానికొకటి చొప్పున తగ్గించుకుంటూ రావాలి, రొమ్ములు గడ్డకట్టవు, ఒళ్ళూ తట్టుకుంటుంది. మా వైపు పాలు ఆగడానికి రొమ్ములకి మల్లెపూలు కట్టేవాళ్ళం. ఇప్పుడు ఎలాగూ ఆపేశావు కాబట్టి మంచినీళ్ళు, మజ్జిగ బాగా తాగు, ఈ ఎండల్లో నీళ్ళు తగ్గితే దడ ఇంకా ఎక్కువవుతుంది.

బ్రాడీపేట బుజ్జమ్మ
సిస్టర్‌గారూ, స్ట్రిప్ చూశాను, డోంపెరిడోన్ 30 ఎంజీ అని ఉంది. ఆపేశాను. పరీక్షలకి రక్తం ఇచ్చి వచ్చాం, హోల్టర్ రేపు పెడతామన్నారు. అది పెట్టుకుని పాపని ఎత్తుకోవచ్చా?

కొత్తపేట సిస్టర్
ఎత్తుకోండి, వైర్లు పాప చేతికి అందకుండా పైన వదులు చొక్కా వేసుకోండి. స్నానం మాత్రం పెట్టకముందే చేసేయండి. దడ వచ్చిన ప్రతిసారీ టైం, అప్పుడేం చేస్తున్నారో కాగితం మీద రాసి రిపోర్టుతో పాటు ఇవ్వండి, ఆ క్యాప్సూల్ స్ట్రిప్ కూడా డాక్టర్‌కి చూపించండి.