అప్‌డేట్: చందుర్తి సైన్యం పూర్తయింది (దాదాపు)

1758 డిసెంబరులో ఇంగ్లీషువాళ్ళకీ ఫ్రెంచివాళ్ళకీ జరిగిన చందుర్తి యుద్ధాన్ని బొమ్మలతో పేర్చడానికి 1/72 స్కేలులో (అసలు మనిషిలో 72వ వంతు ఎత్తు) సిపాయి బొమ్మలు దొరకట్లేదు, వేరేవాటితో ఎలా నెట్టుకురావాలి అని అడిగాను కదా. సలహా ఇచ్చిన వాళ్ళందరికీ దండాలు.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నాటి బ్రిటిష్ పదాతి పెట్టెలు రెండు కొన్నా. కోటు తోకలు బ్లేడుతో కత్తిరించి, టోపీలు చెక్కేసి, ఎం-సీల్‌తో తలపాగాలు చుట్టా. మొదటి పన్నెండూ లడ్డూల్లా వచ్చాయి! తర్వాత సన్నటి పురి పేని చుట్టడం అలవాటైంది. కాళ్ళకు గోధుమరంగు, పైన ఎర్రకోటు. ఒక చేయి దూరం నుంచి చూస్తే సిపాయిలే.

తమాషా ఏంటంటే, అసలు యుద్ధమే ఈ మారువేషం మీద నడిచింది. ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ వెంట బెంగాల్ నుంచి వచ్చిన సిపాయిలకు ఎర్రకోట్లు ఉండేవి. ఇంగ్లీషు తెల్లదళం ఎత్తైన పైరు చాటున ఉండిపోయింది. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ మనుషులు సిపాయిలనే ఇంగ్లీషు పటాలం అనుకుని మీద పడ్డారు, పక్కనుంచి అసలువాళ్ళు బయటికొచ్చారు. అందుకే నా బొమ్మల్లో కాస్త తేడా ఉన్నా పట్టించుకోను.

ఫ్రెంచివాళ్ళకు తెల్లకోటు ఆస్ట్రియా బొమ్మలు సరిపెట్టా. ఇంగ్లీషువాళ్ళ పక్షాన ఉన్న విజయనగరం రాజు ఆనంద గజపతిరాజు బలగానికి మొఘల్ పెట్టె వాడమన్న సలహా బాగా పనిచేసింది, డాళ్ళు మాత్రం మళ్ళీ రంగేశా.

పైరుకి కొబ్బరిపీచు డోర్‌మ్యాట్ ముక్కలు కోశా. మా అమ్మ ఇంకా చూడలేదు.

ఫిరంగి ఎద్దులు మిగిలాయి. సంక్రాంతి బొమ్మల కొలువు పెట్టెలో రెండున్నాయి గానీ, ఏనుగంత ఉన్నాయి.