రెండు గన్‌ప్లా (గండం రోబోల ప్లాస్టిక్ బొమ్మల) కిట్లను కలిపి ఒకే బొమ్మగా కట్టాలంటే భుజం కీలును ఎలా కుదర్చాలి?

ప్రశ్న:
నమస్కారమండీ. నా దగ్గర బందాయ్ వారి హైగ్రేడ్ శ్రేణి 1/144 కిట్లు రెండున్నాయి, ఒకటి జాకు, మరొకటి న్యూ గండం, రెండూ గండం యానిమే కథల్లోని రోబోలే. జాకు మొండేనికి న్యూ గండం చేతులు తగిలించి, వీపు మీద పాత 1/35 ట్యాంకు కిట్‌లో మిగిలిన ముక్కలతో ఇంజన్ల పెట్టె ఒకటి కట్టాలని ఆలోచన. స్కేలు ఒకటే అయినా చేతులు మరీ పొడుగ్గా కనిపిస్తున్నాయి, పైగా భుజం పుల్ల జాకు పాలీక్యాప్‌లో (కీలు పుల్ల దూరే మెత్తని ప్లాస్టిక్ గుంటలో) వదులుగా తిరుగుతోంది. జిగురు పోసి బిగించేయవచ్చా? మన ఊళ్లలో దొరికే సామగ్రితో అయ్యే మార్గం చెప్పగలరు.

మొదటి జవాబు:
స్కేలు ఒకటైనంత మాత్రాన ఎత్తు ఒకటి కాదండీ. కథ ప్రకారం జాకు 17.5 మీటర్లు, న్యూ గండం 22 మీటర్లు కాబట్టి, 144తో భాగిస్తే మొదటిది 12 సెంటీమీటర్ల పైచిలుకు, రెండవది 15 పైచిలుకు వస్తుంది. అందువల్ల చేతిని మొత్తంగా మార్చకుండా, కీళ్లన్నీ జాకువే ఉంచి, భుజకవచమూ ముంజేతి తొడుగూ మాత్రం న్యూ గండంవి తొడగడం మేలని నా అభిప్రాయం. అలా చేస్తే మీ వదులు సమస్య అసలు పుట్టదు. కోతలే వద్దనుకుంటే, 2019లో మొదలైన, బందాయ్ వారివే అయిన 30 మినిట్స్ మిషన్స్ రోబో కిట్లు చూడండి, వాటి కీళ్లు 3 మి.మీ. కొలతలో ఒకదానికొకటి అమరేలా చేసినవే.

రెండవ జవాబు:
పై సలహా బాగుంది గానీ, ఆ చేతులే కావాలనుకుంటే అదీ సాధ్యమే. ప్లాస్టిక్ సిమెంటు పాలీస్టైరీన్‌ను కరిగించి అతుకుతుంది, పాలీక్యాప్ పాలీఎథిలీన్ కనుక దానికి పట్టదు, పట్టినా కీలు కదలకుండా పోతుంది. పుల్ల చుట్టూ ఫెవిక్విక్ పలుచగా పూసి, విడిగా పెట్టి పూర్తిగా ఆరనిచ్చి, ఆ తరువాతే గుచ్చి చూడండి. మరీ బిగుతైతే సన్నని గరుకు కాగితంతో ఒకటి రెండు రుద్దులు చాలు.

మూడవ జవాబు:
వీపు పెట్టె సంగతి ఎవరూ ఎత్తలేదు. 1/35 ట్యాంకు మూత 1/144 బొమ్మ మీదికి వస్తే నాలుగింతల తలుపవుతుంది, చూసినవారు ఇది ట్యాంకుదని వెంటనే పట్టేస్తారు. కాబట్టి మూతలు, పిడులు వదిలేసి, చక్రాలను వెనక్కి తిప్పి లోపలి గుంట బయటికి కనబడేలా అతికించండి, అవి ఇంజను గొట్టాల్లా అమరుతాయి. సందులు పూడ్చడానికి ఎంసీల్ బాగానే పనిచేస్తుంది, రెండు ముద్దలను సమంగా పిసికి, తడి వేలితో నునుపు చేసి, గట్టిపడ్డాకే రుద్దండి. పెట్టె మొత్తం దానితోనే నింపితే మాత్రం బరువుకు బొమ్మ వెల్లకిలా పడుతుంది, లోపల బోలుగా ఉంచాలి. చివరగా అన్నిటికీ కలిపి ఒకే బూడిదరంగు ప్రైమర్ కొట్టండి, మిగిలిన అతుకులన్నీ అప్పుడే బయటపడతాయి. కవచపు పలకల మధ్య గీతల్లో ఎనామెల్ రంగు నింపేటప్పుడు బిగుతు కీళ్ల దగ్గర థిన్నర్ చేరనివ్వకండి, ఒత్తిడి మీదున్న ప్లాస్టిక్ అక్కడ పగులుతుంది.