ఇంట్లో మామిడి, నిమ్మ ఐస్ టీ: డికాషన్ మసకబారకుండా చేయడం ఎలా?

ప్రశ్న (కందుకూరు నుండి)

అందరికీ నమస్కారం. ఎండలు ముదిరిన ఈ రోజుల్లో ఇంటికి వచ్చిన వారికి వేడి టీ ఇవ్వడానికి మనసొప్పక పండ్ల రుచితో ఐస్ టీ చేస్తున్నాము. టీ పొడిని నీళ్లలో బాగా మరిగించి, చక్కెర కలిపి, చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే, అప్పటిదాకా తేటగా ఉన్న డికాషన్ కాస్తా బురద నీళ్ల రంగుకు తిరుగుతోంది. అందులో మామిడి గుజ్జు కలిపితే తీపి కంటే వగరే ముందు నాలుకకు తగులుతోంది. బజారులో దొరికే ఎసెన్సులు వాడటం నాకు ఇష్టం లేదు. ఉలవపాడు మామిడి, గూడూరు నిమ్మ ఇంత దగ్గరలో ఉండగా వాటి అవసరం కూడా లేదు. ఈ మసక ఎందుకు వస్తుందో, పండును ఎప్పుడు కలపాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం (ఒంగోలు నుండి)

మీ డికాషన్ పాడైపోలేదండి. టీ ఆకులోని వగరు పదార్థాలు, కెఫీన్ వేడిగా ఉన్నప్పుడు నీటిలో కరిగి ఉండి, చల్లబడగానే ఒకదానితో ఒకటి కలిసి సన్నని రేణువులుగా విడిపోవడం వల్ల ఆ మసక వస్తుంది. కావాలంటే అందులోంచి అర గ్లాసు తీసి వేడి చేసి చూడండి, మళ్లీ తేటపడుతుంది. డికాషన్ ఎంత చిక్కగా ఉంటే మసక అంత ఎక్కువ. కాబట్టి డస్ట్ టీ మరిగించే పద్ధతిని ఐస్ టీకి పూర్తిగా మానుకోవడం మంచిది. ఆకు టీ తీసుకోండి; నీలగిరి టీ చల్లబడినా తేటగా నిలుస్తుందన్న పేరు ఉంది. లీటరు నీళ్లు మరిగించి పొయ్యి మీద నుంచి దించాక, 10 నుంచి 12 గ్రాముల ఆకు వేసి, మూత పెట్టి, 4 నిమిషాలకే వడకట్టండి. వడకట్టేటప్పుడు ఆకును గరిటెతో నొక్కి పిండకండి, వగరంతా అప్పుడే దిగుతుంది.

నీటి సంగతి కూడా చూసుకోండి. మన పక్క చాలా ఊళ్లలో బోరు నీళ్లు కఠినంగా ఉంటాయి. అందులోని కాల్షియం వల్ల మసక పెరగడమే కాక, టీ మీద సన్నని తెట్టు కూడా కడుతుంది. ఫిల్టరు నీళ్లతో చేస్తే తేడా మీకే తెలుస్తుంది.

అసలు వేడి చేయకుండానే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో అంతే ఆకు వేసి ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి ఉదయం వడకడితే, మసక దాదాపు రాదు, వగరూ తక్కువ. నాకు ఈ పద్ధతే ఇష్టం. అయితే గిన్నెను ఎండలో పెట్టి నానబెట్టవద్దు. ఆ గోరువెచ్చదనంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి.

సమాధానం (గూడూరు నుండి)

నిమ్మ గురించి చెబుతాను. రసాన్ని వేడి డికాషన్‌లో పిండితే వాసన ఆవిరైపోతుంది కనుక, టీ పూర్తిగా చల్లారాకే కలపాలి. కలపగానే రంగు లేత పడుతుంది. అది పులుపు వల్ల జరిగేదే, టీ పలచబడిందని మరికొంత ఆకు వేయకండి. పసుపు తిరిగిన పలుచని తొక్క కాయను ఎంచుకుని, గింజలు పడకుండా పిండండి, గింజ నలిగితే చేదు వస్తుంది. తొక్క పైపొరను కొద్దిగా తురిమి వేడి చక్కెర పాకంలో వేసి మూత పెడితే, రసం కంటే మంచి సువాసన వస్తుంది. తెల్లని లోపొర మాత్రం తురుములోకి రానివ్వకండి.

సమాధానం (ఉలవపాడు నుండి)

టీకి బాగా మిగల మాగిన బంగినపల్లి కంటే దోరకాయ మేలని నా గట్టి అభిప్రాయం. పండు గుజ్జులో పులుపు తక్కువ కాబట్టి టీ వగరును అది అణచలేదు. దోరకాయ తొడిమ కోసి, సొన కారిపోయేలా కాసేపు బోర్లా ఉంచి, కడిగి, తొక్క మందంగా తీసేయండి. ముక్కలు మునిగేన్ని నీళ్లు, చక్కెర వేసి మెత్తబడేదాకా ఉడికించి, పలుచని గుడ్డలో వడకట్టిన పాకాన్ని చల్లని టీలో కలపండి. పండే కావాలనుకుంటే దాన్ని ఉడికించకుండా, గుజ్జు వడకట్టి, కాస్త నిమ్మరసం చేర్చి, గ్లాసులో పోసేముందు కలపండి. ఆ గుజ్జు మసక సహజమే, అడుగున పేరితే ఒకసారి తిప్పితే సరిపోతుంది.

ఐస్ ముక్కలు కరిగి టీ పలచబడుతుంది కనుక, కొంత టీనే ట్రేలో పోసి గడ్డ కట్టించుకోవచ్చు. రొయ్యలకు వాడే ఫ్యాక్టరీ ఐసు దిమ్మలు చౌకని తెచ్చి గ్లాసుల్లో వేయవద్దు. అది తాగడానికి చేసింది కాదు.

ప్రశ్న అడిగినవారు (కందుకూరు నుండి)

అందరికీ ధన్యవాదాలు. పాకం, టీ ముందే కలిపి నిల్వ ఉంచుకోవచ్చా?

సమాధానం (ఒంగోలు నుండి)

విడివిడిగానే ఉంచండి. టీని ఫ్రిజ్‌లో ఉంచి ఒక రోజులోపు వాడేయండి. చిక్కని పాకం మరికొన్ని రోజులు ఉంటుంది.