నూనె ఆపిందా, దానంతటదే ఆగిందా? జుట్టు పరిశోధనల లెక్కల మీద చర్చ

గోదారిగట్టు
డెంగ్యూ తగ్గిన మూడో నెలలో జుట్టు పిడికెళ్ల కొద్దీ రాలింది, ఫలానా నూనె రాయగానే ఆగింది. ఈ మాట ప్రతి గ్రూపులోనూ కనిపిస్తోంది. నూనె వల్లే ఆగిందో, దానంతటదే ఆగిందో పరిశోధనల్లో ఎలా తేలుస్తారు? వెంట్రుకలు పెరిగాయని రాసినప్పుడు ఎక్కడ, ఎలా లెక్కపెడతారు? చర్మవైద్యం, ల్యాబ్, మందుల పనిలో ఉన్నవాళ్లు వివరంగా చెప్పండి.

చర్మవైద్యం_పీజీ
ముందు కాలం లెక్క చూడాలండి. తల వెంట్రుక 2 నుంచి 6 ఏళ్లు ఎదుగుతుంది, రెండు మూడు వారాల్లో ఎదుగుదల ఆపుకుంటుంది, ఆ తర్వాత మూడు నెలల దాకా కుదురులోనే ఊరికే ఉండి రాలుతుంది. డెంగ్యూ, టైఫాయిడ్, కాన్పు, పెద్ద ఆపరేషన్, ఉన్నట్టుండి తిండి మానేసి బరువు తగ్గడం లాంటివి ఎదిగే వెంట్రుకలను ఒక్కసారిగా ఈ విశ్రాంతి దశలోకి నెడతాయి. అందుకే జ్వరం ఆగస్టులో వస్తే జుట్టు అక్టోబరు, నవంబరుల్లో రాలుతుంది. దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటాం. కారణం తొలగిపోతే ఎక్కువ మందిలో ఆరు నెలల్లోపు సర్దుకుంటుంది. మనిషి కంగారుపడి నూనె కొనేది సరిగ్గా ఉధృతి తగ్గబోయే ముందు. ఆ నెలలో ఏం రాసినా పనిచేసినట్టే కనిపిస్తుంది. పోల్చడానికి మందులేని గుంపు లేకపోతే ఆ అధ్యయనానికి విలువ లేదని నేను గట్టిగా అంటాను.

రాలిన వెంట్రుకను తెల్ల కాగితం మీద పెట్టి కొస చూడండి. చివర చిన్న తెల్లటి గుండు ఉంటే కుదురు నుంచి వదిలిన వెంట్రుక. ఏ కొసకూ గుండు లేకుండా పొట్టిగా ఉంటే మధ్యలో తెగింది: స్ట్రెయిటెనింగ్, బ్లీచింగ్, బిగుతు జడ లాంటి వాటివల్ల. ఈ రెండో దానికి కుదురు మందులు ఎన్ని వాడినా ఫలితం ఉండదు.

ట్రయల్_డెస్క్
లెక్కపెట్టే పద్ధతి నేను చెప్తాను. పలచబడిన చోటుకీ బాగున్న చోటుకీ మధ్య అంచులో చిన్న వృత్తం తీసుకుంటారు. అందులో వెంట్రుకలను సుమారు 1 మిల్లీమీటరుకు కత్తిరించి, నడుమ పచ్చబొట్టు చుక్క పెడతారు. ఆ చుక్కే ప్రాణం. ఆరు నెలల తర్వాత కెమెరా వేలెడు పక్కకు జరిగితే లెక్కంతా తప్పు. రెండు మూడు రోజులాగి మళ్లీ ఫొటో తీస్తే పొడవు పెరిగినవి ఎదిగే దశలో ఉన్నవి, పెరగనివి విశ్రాంతిలో ఉన్నవి. రోజుకు సుమారు 0.35 మిల్లీమీటరు ఎదుగుతుంది కాబట్టి తేడా స్పష్టంగా తెలుస్తుంది. తెల్ల వెంట్రుకలు ఫొటోలో పడవు, అందుకని ముందు రంగు వేస్తారు. మొదటిసారి వేసి రెండోసారి మరిచిపోతే మందు విఫలమైనట్టు తేలుతుంది!

ఉదాహరణకు 1998లో వచ్చిన, మగవాళ్ల బట్టతలకు మింగే ఫినాస్టరైడ్ బిళ్ల ట్రయల్. 18–41 ఏళ్ల మగవాళ్లు 1,553 మంది. నడినెత్తిన అంగుళం వ్యాసం వృత్తం, అంటే 5.1 చదరపు సెంటీమీటర్లు. మొదట సగటున 876 వెంట్రుకలు. ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి బిళ్ల) గుంపుతో తేడా ఏడాదికి 107, రెండేళ్లకు 138. చదరపు సెంటీమీటరుకు 27 వెంట్రుకలన్న మాట. ఇక్కడే చాలామంది పొరబడతారు: 138 కొత్తగా మొలవలేదు. ఈలోగా ప్లాసిబో గుంపు తన జుట్టు పోగొట్టుకుంది, తేడాలో ఆ నష్టం కూడా కలిసి ఉంది.

చర్మవైద్యం_పీజీ
ఆ మందు పుట్టుక కూడా చెప్పుకోవాలి. తగినంత టెస్టోస్టెరాన్ లేకుండా పెరిగిన మగవాళ్లకు బట్టతల రాదని 1942లో హామిల్టన్ అనే పరిశోధకుడు చూపించారు. 1974లో డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టుకతోనే 5-ఆల్ఫా రిడక్టేజ్ ఎంజైము కొరవడిన కుటుంబాలను వర్ణించారు. టెస్టోస్టెరాన్‌ను డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోనుగా మార్చేది ఆ ఎంజైమే. అక్కడి మగవాళ్లకు పెద్దయ్యాక ప్రోస్టేట్ చిన్నగా ఉంది, బట్టతల రాలేదు. ఆ ఎంజైమును అడ్డుకునే ఫినాస్టరైడ్‌కు అమెరికాలో 1992లో ప్రోస్టేట్ కోసం 5 మిల్లీగ్రాములు, 1997లో జుట్టు కోసం 1 మిల్లీగ్రాము అనుమతి వచ్చింది.

అడ్డదారిలో కొని వాడకండి. కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్యల వంటివి ట్రయల్స్‌లో 3.8% మందిలో కనిపించాయి, ప్లాసిబోలో 2.1%. ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని 2025లో యూరప్ మందుల సంస్థ నిర్ధారించింది. మనసు కుంగితే ఆపేసి వెంటనే డాక్టరుకు చెప్పాలి. గర్భిణులు విరిగిన బిళ్లను తాకకూడదు. వాడేవాళ్లు రక్తదానం చేయాలంటే ఆపి నెల దాటాలి. పెద్దవయసువాళ్లలో ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్ష విలువ సగానికి పడిపోతుంది, కాబట్టి పరీక్ష రాసే డాక్టరుకు ఈ బిళ్ల సంగతి తెలియాలి.

మందులకొట్టు
జుట్టు కోసం తలకు రాసే మందు మినాక్సిడిల్ 5% సీసా 60 మిల్లీలీటర్లు. పూటకు 1 మిల్లీలీటరు, రోజుకు రెండు పూటలు అంటే సరిగ్గా 30 రోజులు రావాలి. సీసా రెండు నెలలు వచ్చిందంటే సగం మోతాదే పడుతోంది. జుట్టుకు కాదండీ, చర్మానికి పట్టాలి: పొడి తల మీద పాపట తీసి, ఆ గీత వెంట చుక్కలు వేసి, వేలితో అద్ది, పక్కన ఇంకో పాపట. పడుకునే ముందు రెండు గంటలైనా ఆరనివ్వాలి, లేకపోతే దిండు నుంచి ముఖానికి అంటి అక్కడ నూగు మొలుస్తుంది. చేతులు కడుక్కోవాలి. ఇంట్లో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త, దానికి ఇది ప్రాణాంతకం.

వాడిన రెండో వారం నుంచి ఎనిమిదో వారం మధ్య జుట్టు ఎక్కువ రాలుతుంది. విశ్రాంతిలో ఉన్న వెంట్రుకలను కొత్తవి తోసేయడమే కారణం. సరిగ్గా అప్పుడే భయపడి చాలామంది ఆపేస్తారు. దురద, పొట్టు వస్తే ద్రావణంలోని ప్రొపిలీన్ గ్లైకాల్ పడకపోవడం కావచ్చు, అది లేని ఫోమ్ అడగండి. కొందరికి పనిచేయకపోవడానికీ కారణం ఉంది: కుదురులోని సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ ఎంజైము దీన్ని అసలు మందుగా మార్చాలి, ఆ ఎంజైము అందరిలో ఒకే మోతాదులో ఉండదు.

ల్యాబ్‌మనిషి
రక్తపరీక్షల్లో రెండు ఉచ్చులు. ఒకటి, జుట్టు బిళ్లల్లోని బయోటిన్ అనే విటమిన్. చాలా ల్యాబుల థైరాయిడ్ పరీక్ష బయోటిన్ మీదే నడుస్తుంది. ఎక్కువ మోతాదు మింగి వస్తే టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా చూపించి, లేని థైరాయిడ్ జబ్బును అంటగడుతుంది. గుండెపోటు పట్టే ట్రోపోనిన్ తక్కువ చూపించే ప్రమాదం ఉందని 2017లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. రక్తం ఇవ్వడానికి రెండు మూడు రోజుల ముందు ఆపి, ఆ సంగతి ల్యాబులో చెప్పండి.

రెండోది ఫెరిటిన్. ఒంట్లో ఇనుము నిల్వ చూడటానికి రాస్తారు. జ్వరంలో, వాపులో అది అమాంతం పెరుగుతుంది, డెంగ్యూలో మరీ. జ్వరం తగ్గిన వారానికే చేయిస్తే ఇనుము లేనివాళ్లకూ బాగున్నట్టు వస్తుంది. కొన్ని వారాలాగి, ఒంట్లో వాపును చూపే సీఆర్పీ పరీక్షతో కలిపి చూడాలి.

గోదారిగట్టు
పేనుకొరుకుడుకు ఉల్లిరసం మీద పరిశోధన ఉందంటారు, నిజమేనా?

చర్మవైద్యం_పీజీ
ఉందండి, 2002లో ఇరాక్ నుంచి వచ్చింది. ఉల్లిరసం గుంపులో 23 మంది, కుళాయి నీళ్ల గుంపులో 15 మంది. ఆరు వారాలకు ఉల్లి గుంపులో 20 మందికి, ఎనిమిది వారాలకు నీళ్ల గుంపులో ఇద్దరికి జుట్టు వచ్చింది. ఆశ పుట్టించే అంకెలే. కానీ గుంపులు చిన్నవి, ఉల్లి వాసన దాగదు కాబట్టి ఎవరికేం రాశారో అందరికీ తెలిసిపోతుంది. పైగా అది పేనుకొరుకుడు మీద, బట్టతల మీద కాదు. పేనుకొరుకుడుకు పేను కారణం కాదు, మన రోగనిరోధక కణాలే కుదురును చుట్టుముడతాయి. చిన్న మచ్చలు దానంతటవే నిండటమూ మామూలే.

తల ఎంత పోయిందో కొలవడానికి సాల్ట్ స్కోరు ఉంది: నడినెత్తి 40%, వెనక 24%, రెండు పక్కలు చెరో 18%. వెనక సగం, నడినెత్తిన పావు పోతే 12 + 10 = 22. రోగనిరోధక వ్యవస్థను అణిచే బారిసిటినిబ్ బిళ్ల ట్రయల్స్‌లో ఈ స్కోరు 50, అంతకు మించి ఉన్నవాళ్లనే తీసుకున్నారు. 36 వారాలకు 20కి గానీ ఇంకా కిందికి గానీ దిగినవాళ్లు 4 మిల్లీగ్రాముల గుంపులో 36–39%, ప్లాసిబోలో 3–6%. 2022లో అమెరికా అనుమతి వచ్చింది. మన దగ్గర దీనికి ముందు టీబీ పరీక్ష చేయించడం మరీ ముఖ్యం, నిద్రాణంగా ఉన్న క్షయ తిరగబెట్టవచ్చు.

చిన్న మచ్చలకైతే ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చాలు: సెంటీమీటరు దూరాన ఒక్కో పోటుకు 0.1 మిల్లీలీటరు, 4–6 వారాలకోసారి. గాఢత ఎక్కువైతే చర్మం గుంట పడుతుంది. పిల్లల తలలో పొట్టుతో, తెగిన వెంట్రుకలతో మచ్చ కనిపిస్తే అది తామర కావచ్చు, ఈ ఇంజెక్షన్ జోలికి వెళ్లకుండా ముందు ఫంగస్ పరీక్ష.

ఏడుకొండలు
తిరుమలలో గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందన్నది?

ట్రయల్_డెస్క్
మొక్కు మొక్కేనండి, దానికీ కుదుళ్ల సంఖ్యకూ సంబంధం లేదు. గీయడం వల్ల ఎదుగుదల మారదని 1928లోనే ట్రాటర్ అనే పరిశోధకురాలు కొలిచి చూపించారు. కత్తిరించిన కొస మొద్దుగా ఉండటంతో గరుగ్గా, ఒత్తుగా తగులుతుంది. కానీ ఫొటో పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి: గుండు తర్వాత ఒకే పొడవున మొలిచిన జుట్టును, అంతకుముందు పొడవు జుట్టుతో పోలిస్తే మోసపోతాం.

గోదారిగట్టు
ఇంట్లో ఫొటో తీసుకుంటే ఉపయోగం ఉందా?

ట్రయల్_డెస్క్
ఉంది, పద్ధతిగా తీస్తే. నూనె లేని పొడి జుట్టు, అదే పాపట, అదే గది, అదే బల్బు, ఫ్లాష్ వద్దు. నడినెత్తి, నుదుటి అంచు, రెండు కణతలు. గోడకు వీపు ఆనించి కూర్చుంటే తల వంపు మారదు. మూడు నెలలకోసారి చాలు. రోజూ చూస్తే ఏమీ తేలదు, వెంట్రుక నెలకు సెంటీమీటరే ఎదుగుతుంది.