కాంట్రాక్ట్ టీచర్లకి సమాన జీతం, మెటర్నిటీ లీవ్ హక్కు ఉందా?

సోషల్ టీచర్:
గవర్నమెంట్ రెసిడెన్షియల్ స్కూల్లో కాంట్రాక్ట్ మీద చేస్తున్నానండి. టెన్త్ క్లాసులు, పేపర్లు దిద్దడం, నైట్ డ్యూటీ అన్నీ రెగ్యులర్ వాళ్ళతో సమానమే, జీతం మాత్రం సగం కూడా రాదు, పైగా ఏటా రెన్యువల్ టెన్షన్. ఇప్పుడు నాకు ఐదో నెల, లీవ్ అడిగితే కాంట్రాక్ట్ వాళ్ళకి జీతంతో ఇవ్వరు అన్నారు. నిజమేనా?

రిప్లై 1:
అస్సలు కాదమ్మా. ఈ విషయంలో చట్టం రెగ్యులర్, కాంట్రాక్ట్ అని తేడా చూడదు, కాన్పుకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసుంటే చాలు, మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు జీతంతో సెలవు. మధ్యలో కాంట్రాక్ట్ అయిపోయినా డబ్బులు ఇవ్వాల్సిందేనని 2023లో కవితా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్లికేషన్ రాసిచ్చి కాపీ మీద స్టాంపు వేయించుకో, నోటిమాటతో వదిలేయకు.

రిప్లై 2:
జీతం సంగతికొస్తే 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన జగ్జీత్ సింగ్ తీర్పు చదవండి మేడమ్, టెంపరరీ వాళ్ళైనా అదే పని చేస్తుంటే ఆ పోస్టు జీతం స్కేల్‌లో మినిమమ్ ఇవ్వాలంది. కానీ పని ఒకటేనని నిరూపించాల్సింది మనమే, అందుకే టైమ్‌టేబుల్, డ్యూటీ ఆర్డర్లు అన్నీ దాచండి. పర్మనెంట్ చేయడం మాత్రం వేరే సంగతి, 2006లో సుప్రీంకోర్టు ఉమాదేవి తీర్పు తర్వాత అది హక్కుగా అడగడం కష్టం, తెలంగాణలో 2023లో కాంట్రాక్ట్ జూనియర్ లెక్చరర్లని పర్మనెంట్ చేసింది ప్రభుత్వమే, జీవోతో.

రిప్లై 3:
ఒక్కరే వెళ్ళొద్దక్కా, మీ కేడర్ వాళ్ళందరూ కలిసి హైకోర్టులో రిట్ పిటిషన్ వేయండి. ఖర్చూ తగ్గుతుంది, రెన్యువల్ ఆపేస్తారన్న భయమూ తగ్గుతుంది.