డ్రాఫ్ట్‌లో పేరొచ్చినా డబ్ల్యూఎన్‌బీఏ జట్టులో చోటెందుకు దొరకదు?

గ్యాలరీ సీటు (ప్రశ్న)

అమెరికా మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ 2025 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వరుసగా కొత్త ప్లేయర్లను ఎంచుకునే కార్యక్రమంలో, మూడు రౌండ్లూ కలిపి 38 పేర్లు చదివారు. ఏ ఏడాది చూసినా, మే మధ్యలో సీజన్ మొదలయ్యేసరికి రెండు, మూడు రౌండ్లలోని పేర్లు చాలావరకు ఏ జట్టు జాబితాలోనూ కనిపించవు. కాలేజీలో మ్యాచ్‌కు ఇరవై పాయింట్లు కొట్టిన అమ్మాయి నెల తిరక్కుండానే ఎందుకు పనికిరాకుండా పోతుంది? ఇది ఆటలో లోపమా, డబ్బు లెక్కా? ఆ తర్వాత ఆమె కెరీర్ ఏ దారిన నడుస్తుంది? ‘టాలెంట్ ఉంటే చోటు అదే వస్తుంది’ లాంటి జవాబులు వద్దు. నిబంధనలు, అంకెలు తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

స్కోరు బల్ల

ముందు ఎన్ని చోట్లున్నాయో చూడండి. 2024 వరకు 12 జట్లు, జట్టుకు గరిష్ఠంగా 12 మంది, అంటే 144. గోల్డెన్ స్టేట్ వాల్కిరీస్ రావడంతో 2025లో అది 156 అయింది. అవన్నీ ఖాళీగా ఉండవు కదా, పాతవాళ్లు కూర్చునే ఉంటారు. పైగా కనీసం 11 మంది ఉంటే చాలని అప్పటి నిబంధన. రెండో రౌండ్ అమ్మాయి భవిష్యత్తు తేలేది ఆ పన్నెండో చోటు దగ్గరే.

డబ్బు లెక్క చూద్దాం. అంకెలన్నీ 2025 సీజన్‌వి, 2020 ఒప్పందం కింద ఆడిన చివరి సీజన్ అదే. జట్టు జీతాల పరిమితి 15,07,100 డాలర్లు. ఎన్‌బీఏలోలా పన్ను కట్టి దాటే వీలుండేది కాదు, గీత అంటే గీతే. సూపర్‌మ్యాక్స్, అంటే ఒక ప్లేయర్‌కు ఇవ్వగల అత్యధిక జీతం, 2,49,244. రెండేళ్ల అనుభవం వరకు కనీస జీతం 66,079, మూడేళ్లు, ఆపైన ఉంటే 78,831.

ఒక జట్టు ఇద్దరికి సూపర్‌మ్యాక్స్, మరో ముగ్గురికి తలా రెండు లక్షలు ఇచ్చిందనుకోండి. మిగిలేది 4,08,612. దాన్ని ఏడుగురికి పంచితే తలకు 58,373, అంటే కనీస జీతానికే చాలదు. కాబట్టి ఆరుగురితో, మొత్తం 11 మందితో సరిపెట్టుకోవాలి. ఆరుగురికీ 66,079 చొప్పున ఇస్తే మిగిలేది 12,138. ఇప్పుడా ఆరుగురిలో ఒక్కరి స్థానంలో మూడేళ్ల అనుభవం ఉన్నామెను పెట్టాలంటే 12,752 అదనంగా కావాలి. 614 డాలర్లు తక్కువ! ఆ ఆరొందల కోసమే మంచి ప్లేయర్‌ను వదులుకోవాల్సి వస్తుంది. కొత్తవాళ్లకు బెంచి చివర చోటు దొరికేదీ ఇందువల్లే, మూడో ఏడాది తర్వాత అదే బెంచి మీద నుంచి లేచిపోయేదీ ఇందువల్లే.

రూకీ స్కేల్ (డ్రాఫ్టైన కొత్తవాళ్ల జీతాల పట్టిక) కూడా గమనించండి. మొదటి నాలుగు స్థానాలకు 78,831, రెండో రౌండ్‌కు 69,267, మూడో రౌండ్‌కు 66,079. ఒప్పందం మూడేళ్లది, నాలుగో ఏడాది జట్టు ఇష్టం. అయితే జీతానికి హామీ ఉండదు. సీజన్ మొదలుకాకముందే తీసేస్తే ఆ అంకె కాగితం మీదే మిగిలిపోతుంది.

ఇంకో మాట. మూడో రౌండ్ చివర్లో ఎంపికవడం కంటే అసలు ఎంపిక కాకపోవడమే ఒక్కోసారి మేలు. ఎంపికైతే హక్కులు ఆ ఒక్క జట్టువే. ఎంపిక కాకపోతే ఏజెంట్ అన్ని జట్లూ చూసి, తన పొజిషన్‌లో ఎక్కడ ఖాళీ ఉందో అక్కడి క్యాంపే ఎంచుకోవచ్చు. బెకీ హామన్ 1999లో డ్రాఫ్ట్ కాలేదు. అంతకు ముందు డిసెంబరులో ఏబీఎల్ అనే పోటీ మహిళల లీగ్ మూతపడి, ఆ లీగ్ ప్లేయర్లంతా ఒక్కసారిగా డ్రాఫ్ట్ మీద పడ్డారు. న్యూయార్క్ లిబర్టీ జట్టు ద్వారా లీగ్‌లోకి వచ్చిన హామన్ ఆరుసార్లు ఆల్‌స్టార్ (మేటి ప్లేయర్ల మ్యాచ్‌కు ఎంపిక) అయింది. ఎరికా వీలర్ 2013లో డ్రాఫ్ట్ కాలేదు, 2019 ఆల్‌స్టార్ గేమ్‌లో ఎంవీపీ (అత్యుత్తమ ప్లేయర్).

వీక్‌సైడ్

డబ్బు లెక్క పైన చెప్పినట్టే. ఆట లెక్కా కొంత ఉంది, అది తెలియకపోతే క్యాంపులో ఎవరిని ఎందుకు పంపించేశారో అర్థం కాదు.

కాలేజీ ఆటలో షాట్ క్లాక్ 30 సెకన్లు, ఇక్కడ 24. సగం కోర్టు దాటడానికి అక్కడ 10 సెకన్లు, ఇక్కడ 8. పాయింట్ గార్డ్ నెమ్మదిగా బంతి తెచ్చి, బెంచి వైపు చూసి ప్లే పిలిచే అలవాటుతో వస్తే, సెట్ మొదలయ్యేసరికి పదమూడు, పద్నాలుగు సెకన్లే మిగులుతాయి. మొదటి చర్య ఫలించకపోతే రెండోదానికి టైముండదు.

డిఫెన్స్‌లో తేడా ఇంకా పెద్దది. కాలేజీలో 2-3 జోన్‌లో (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు తమ తమ భాగాలను కాచే డిఫెన్స్‌లో) పొడుగు అమ్మాయి పెయింట్, అంటే బాస్కెట్ ముందున్న గీతల చోటు, మధ్యలో పాతుకుపోవచ్చు. ఇక్కడ 2013 నుంచి డిఫెన్సివ్ త్రీ సెకండ్స్ నియమం ఉంది. ఎవరినీ కాపలా కాయకుండా పెయింట్‌లో మూడు సెకన్లు దాటి నిలబడితే టెక్నికల్ ఫౌల్, ఎదుటివాళ్లకు ఒక ఫ్రీ త్రో, బంతి కూడా వాళ్లదే. ఆరడుగుల రెండంగుళాల కాలేజీ సెంటర్ ఇక్కడ సెంటర్‌గా సరిపోదు. వింగ్‌కు (కోర్టు పక్కల ఆడే స్థానానికి) మారాలి, అంటే తనకంటే వేగంగా కదిలేవాళ్ల ముందు పక్కకు జారుతూ నిలబడగలగాలి. నాలుగేళ్లు బాస్కెట్‌కు వీపు పెట్టి ఆడిన మనిషికి రెండు వారాల క్యాంపులో అది వచ్చే విద్య కాదు.

కోచ్‌లు పదకొండో ప్లేయర్‌లో చూసేది పాయింట్లు కాదు. పిక్ అండ్ రోల్ (ఒకరు డిఫెండర్‌కు అడ్డు నిలిచి బంతి ఉన్న తోటి ప్లేయర్‌కు దారిచ్చే ఎత్తు) వచ్చినప్పుడు బంతి ఉన్నామెను సైడ్‌లైన్ వైపు తోసే ‘ఐస్’ పిలిచారా, కాపలా మార్చుకునే ‘స్విచ్’ పిలిచారా విని ఆ క్షణంలోనే సరిగ్గా కదలాలి. వీక్‌సైడ్‌లో (బంతి లేని వైపు) ఉన్నప్పుడు ఒక అడుగు పెయింట్‌లో వేసి, పాస్ వెళ్లగానే కార్నర్ షూటర్ దగ్గరికి చిన్న అడుగులతో చేరి చెయ్యెత్తాలి. ఒక్క పెద్ద అంగలో దూకితే ఆ షూటర్ పంప్ ఫేక్ (షాట్ వేస్తున్నట్టు నటన) చేసి పక్కనుంచి వెళ్లిపోతుంది. కార్నర్ త్రీ (మూల నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) పడాలి, బంతి పోగొట్టుకోకూడదు. ఈ నాలుగూ ఉన్నామె రోజుకు మూడు షాట్లే వేసినా ఉంటుంది. బంతి చేతిలో ఉంటేనే ఆడగలిగే స్కోరర్‌కు బెంచి చివర పని ఉండదు.

గ్యాలరీ సీటు

లెక్క చాలా బాగా అర్థమైంది, థాంక్సండీ. మరి తీసేసిన తర్వాత? యూరప్‌లో ఆడటం అంటే రెండో రకం అవకాశం అనుకోవచ్చా? అక్కడ జీతాలు ఎగ్గొడతారని కూడా వింటున్నాను.

లెటర్ ఆఫ్ క్లియరెన్స్

రెండో రకం అనకండి. చాలాకాలం అసలు సంపాదన అక్కడే. స్టార్ ప్లేయర్ డయానా టౌరాసీ 2015 డబ్ల్యూఎన్‌బీఏ సీజన్ మొత్తం వదులుకుంది, రష్యా క్లబ్ యూఎంఎంసీ ఎకటెరిన్‌బర్గ్ విశ్రాంతి తీసుకోమని అడిగింది కాబట్టి. ఆ క్లబ్ ఇచ్చేది సుమారు 15 లక్షల డాలర్లు, ఇక్కడి గరిష్ఠ జీతం అప్పట్లో లక్షా పదివేలు కూడా లేదు. అంతకు ముందు తరంలో సింథియా కూపర్ ఏళ్ల తరబడి స్పెయిన్, ఇటలీల్లో ఆడి, 1997లో లీగ్ మొదలయ్యాక 34 ఏళ్ల వయసులో హ్యూస్టన్ కామెట్స్‌కు వచ్చి వరుసగా నాలుగు టైటిళ్లు, నాలుగు ఫైనల్స్ ఎంవీపీలు గెలిచింది. 2022లో డబ్ల్యూఎన్‌బీఏ ప్లేయర్ బ్రిట్నీ గ్రైనర్‌ను రష్యా నిర్బంధించిన తర్వాత అమెరికన్లకు రష్యా దారి మూసుకుపోయినట్టే. టర్కీ, స్పెయిన్, ఇటలీ, ఫ్రాన్స్, చైనా, ఆస్ట్రేలియా ఉన్నాయి.

ఎగ్గొట్టడం గురించి. జరుగుతుంది, కాబట్టి సంతకం పెట్టేముందు చూడాల్సినవి ఇవి.

జీతం నెట్‌గా రాశారా? అంటే పన్ను క్లబ్ కట్టాలి, పన్ను కట్టిన రసీదు కూడా క్లబ్ ఇవ్వాలని రాయించుకోవాలి. లేకపోతే సొంత దేశంలో లెక్క చూపేటప్పుడు తంటా. ఫ్లాట్, కారు, రానుపోను టిక్కెట్లు అంకెలతో సహా ఉండాలి. ‘తగిన వసతి’ అని రాస్తే నలుగురితో కలిపి పెట్టినా అడగలేరు.

వైద్యపరీక్ష నిబంధన చాలామంది చదవరు, నా దృష్టిలో మొత్తం ఒప్పందంలో ప్రమాదకరమైన లైను అదే. చేరిన రెండు మూడు రోజుల్లోపు పరీక్ష చేయాలని, చేయకపోతే పాసైనట్టే లెక్క అని స్పష్టంగా ఉండాలి. గడువు లేకపోతే క్లబ్ ఆ కాగితాన్ని దాచిపెట్టుకుంటుంది. రెండు మ్యాచ్‌లు ఆడించి, నచ్చకపోతే ‘మెడికల్ ఫెయిల్’ అంటుంది.

చెల్లింపు వాయిదాల్లో ఉంటుంది, ఆగిపోయేది ఎక్కువగా చివరి రెండు వాయిదాలే. క్లబ్ ప్లేఆఫ్స్ నుంచి బయటపడ్డాక ఎవరూ ఫోన్ ఎత్తరు. అందుకని వాయిదాలు సీజన్ మొదట్లోనే ఎక్కువ పడేలా రాయించాలి. ఫలానా రోజులు ఆలస్యమైతే ప్రాక్టీస్ మానేయొచ్చని, అంతకు మించితే ఒప్పందం రద్దు చేసుకుని మొత్తం డబ్బుకు హక్కుతోపాటు లెటర్ ఆఫ్ క్లియరెన్స్ (విడుదల పత్రం) తీసుకుని వెళ్లొచ్చని ఉండాలి. ఆ లెటర్ లేనిదే మరో దేశంలో రిజిస్ట్రేషన్ కాదు, కాబట్టి క్లబ్‌ల చేతిలో పట్టు అదే.

అన్నిటికంటే ముఖ్యం, వివాదాలు జెనీవాలోని బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ ముందుకు వెళ్లాలనే క్లాజ్. ఇది 2007లో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా పెట్టింది. విచారణ సాధారణంగా కాగితాల మీదే, ఇంగ్లీషులోనే సాగుతుంది, వెళ్లి నిలబడక్కర్లేదు. తీర్పు అమలు చేయని క్లబ్ కొత్త ప్లేయర్లను నమోదు చేసుకోకుండా ఫీబా నిషేధించగలదు, ఆ భయానికే చాలామంది కడతారు. ఈ క్లాజ్ లేకపోతే ఆ దేశపు కోర్టుల చుట్టూ తిరగాలి.

ల్యాండింగ్ మ్యాట్

శరీరం సంగతి ఎవరూ ఎత్తలేదు. రూకీ క్యాలెండర్ చూడండి: నవంబరు నుంచి ఏప్రిల్ మొదటి వారం వరకు కాలేజీ, వారానికే డ్రాఫ్ట్, ఏప్రిల్ చివర క్యాంపు, సెప్టెంబరు దాకా 44 మ్యాచ్‌లు, వెంటనే యూరప్ అయితే మళ్లీ ఏప్రిల్. ఏడాదిన్నర పాటు ఖాళీ నెల ఒక్కటీ లేదు. బ్రెయానా స్టూవర్ట్ 2018లో ఎంవీపీ, 2019 ఏప్రిల్‌లో యూరోలీగ్ ఫైనల్‌లో అకిలీస్ (మడమ వెనకి స్నాయువు) తెగి, ఆ డబ్ల్యూఎన్‌బీఏ సీజన్ మొత్తం పోయింది. 2020లో తిరిగొచ్చి ఫైనల్స్ ఎంవీపీ అయింది. అందరికీ అలా కుదరదు.

మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంట్ ఎక్కువగా తెగేది ఎవరో గుద్దితే కాదు. రీబౌండ్‌కు ఎగిరి ఒంటికాలి మీద, మోకాలు దాదాపు నిటారుగా, లోపలికి వంగిన స్థితిలో దిగినప్పుడు. ప్రాక్టీస్ వార్మప్‌లో పావుగంట ల్యాండింగ్ డ్రిల్స్, నార్డిక్ హామ్‌స్ట్రింగ్స్ (తొడ వెనక కండరాల వ్యాయామం), ఒంటికాలి స్క్వాట్లు పెడితే ఆ ముప్పు తగ్గుతుంది. సీజన్ మధ్యలో ఆపేస్తే పెట్టిన శ్రమ పోతుంది. సర్జరీ అయితే తొమ్మిది నెలలకు ముందు మ్యాచ్ వద్దు. తొడ ముందు కండరం బలం రెండో కాలితో పోలిస్తే 90 శాతం దాటాలి, హాప్ టెస్టులు (ఒంటికాలి గెంతు పరీక్షలు) కూడా పాసవ్వాలి. నెలలు నిండాయి కదా అని బలం పరీక్షించకుండా దిగితే అదే మోకాలు, లేదా రెండోది, మళ్లీ తెగే ప్రమాదం ఉంది.

గ్యాలరీ సీటు

చివరిగా ఒకటి. మే 15న తీసేశారనుకోండి, మర్నాడు ఆమె చేయాల్సిందేమిటి?

స్కోరు బల్ల

48 గంటలు వేవర్స్, అంటే మిగతా జట్లు ఆమెను తీసుకోవడానికి ఉండే గడువు. ఆ లోపు వేరే జట్టు క్లెయిమ్ చేస్తే అదే ఒప్పందంతో అటు వెళ్లాలి, లేకపోతే ఫ్రీ ఏజెంట్. తర్వాత ఫోన్ దగ్గర, ఫిట్‌నెస్‌తో ఉండాలి. ఒక జట్టులో ఆడగల స్థితిలో ఉన్నవాళ్లు పదిమంది కంటే తగ్గితే హార్డ్‌షిప్ కింద బయటనుంచి తీసుకోవచ్చు, గాయపడినవాళ్లు లేచిరాగానే ఆ ఒప్పందం ముగుస్తుంది. సీజన్ రెండో సగంలో ఏడు రోజుల ఒప్పందాలుంటాయి. ఒకే జట్టు మూడుసార్లు ఇవ్వొచ్చు, ఆ తర్వాత ఉంచుకోవాలంటే సీజన్ చివరిదాకా తీసుకోవాల్సిందే.

యూరప్ ఒప్పందాలు ఎక్కువగా జులై, ఆగస్టుల్లో కుదురుతాయి. ఈలోపు ఆట కావాలంటే ఆ నెలల్లో సాగే ఆస్ట్రేలియా ఎన్‌బీఎల్1 లాంటి లీగ్‌లు చూడొచ్చు. క్లబ్‌లకు పంపే వీడియో హైలైట్స్ కాకుండా రెండు పూర్తి మ్యాచ్‌లు అయితే మేలు, డిఫెన్స్ అందులోనే తెలుస్తుంది.

యూరప్ ఒప్పందంలో ఏప్రిల్ విడుదల తేదీ రాయించుకోవాలి. 2020 ఒప్పందం కింద 2024, 2025 సీజన్లలో, రెండేళ్లకు మించి సర్వీసున్నవాళ్లు క్యాంపు మొదలయ్యేసరికి లేదా మే 1కి, ఏది తర్వాత అయితే ఆ తేదీకి రాకపోతే ఆ సీజన్ మొత్తం సస్పెన్షన్ ఉండేది. రూకీకి ఆ నిబంధన వర్తించేది కాదు. కానీ పన్నెండో కుర్చీ కోసం పోటీపడే మనిషి క్యాంపుకు వారం ఆలస్యంగా వస్తే, వచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకొకరు ఉంటారు.