పాప తనే తింటానంటోంది, ముక్కలు ఎలా ఇవ్వాలి?

మా పాపకి ఎనిమిదో నెల. ఆరు నిండాక ఉగ్గు, రాగి జావ, నెయ్యి చుక్కేసిన మెత్తటి పప్పన్నం మొదలుపెట్టాం. ఇప్పుడు చెంచా చూస్తే మూతి బిగించేస్తోంది. గిన్నెలో చెయ్యి పెట్టి పిసికి తనే నాకుతోంది (సగం జుట్టుకేలెండి). అందుకని చిలగడదుంప ఆవిరి మీద ఉడికించి, వేలంత ముక్కలు కోసి ఇచ్చా. నొక్కితే చిదిగిపోయేంత మెత్తగా ఉన్నాయి. ఒకసారి ఓక్‌మని తనే బయటికి తోసేసి, ఇంకో ముక్క అందుకుంది. మా అత్తయ్య మాత్రం హడలిపోయి, పళ్లు రాకుండా ముక్కలేంటని ప్లేటు లాగేశారు. డాక్టరు గారేమో నిటారుగా కూర్చోబెట్టి, పక్కనే ఉండి పెట్టొచ్చన్నారు. ఏడాది దాకా తేనె, పంచదార వద్దన్నారు.

ఇడ్లీ ముక్క గొంతుకి అతుక్కుంటుందా? అరటిపండు చేతిలో జారిపోతోంది, మీరెలా ఇస్తున్నారు? ఇంట్లో పెద్దవాళ్లని ఎలా ఒప్పించారో కూడా చెప్పండి, ప్లీజ్.